మూడు రాత్రుల అతిథి

మూడు దినములలో నొక మహానగరమును జూచితినని చెప్పుకొనుట సత్యమా, అసత్యమా యను ప్రశ్న మొదట చిన్నదిగానే కనబడును. దేశాటనము చేసివచ్చిన పడుచువాండ్రను జూచి పెద్దలు నవ్వుటకు ఇది మంచి యదను. "మూడు దినములు తిరిగి వచ్చినాడు, ఇక ముప్పది యేండ్లు చెప్పును" అని యందురు. మేమును అట్లు నవ్వినవారమే. కాని యీ నడుమ మా పూర్వవిద్యార్థిని యొకతె మమ్ము జూడవచ్చి, తాను ఇటలీదేశపు వెనీసు నగరమున గడపిన మూడు రాత్రులను గూర్చి చెప్పి, చివర నొక ప్రశ్న యడిగెను. దానికి మేము వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిమి. ఇరువది యేండ్లుగా పాఠములు చెప్పుచున్న నోటికి మాట రాకపోవుట మాకే వింతయైనది. ఆ దినము చెప్పలేకపోయిన దానిని నిదానముగా నాలోచించి యిచట వ్రాయుచున్నాము.

ఆమె మా యూరి బట్టల వర్తకుని కూతురు. ఎనిమిదేండ్లక్రిందట మా పాఠశాలలో పదవతరగతి ముగించినది. పిదప ఇంజనీరింగు చదివి, జర్మనీలో మ్యూనిక్ నగరమున పైచదువునకు జేరినది. వయస్సు ఇరువదిమూడు. 2024 నవంబరులో నాలుగు దినములు తీరిక దొరకగా, తోడెవరును లేకుండ రైలెక్కి, ఆల్ప్సు కొండలను దాటి వెనీసునకు బోయెను. ఆ సంగతి తెలిసిన సాయంత్రమే తండ్రి మా యింటికి వచ్చి, "మాస్టారూ, దానికి రెక్కలు కట్టింది మీరే. ఊరుగాని ఊరిలో ఆడపిల్ల ఒక్కతే మూడు రాత్రులు! మా అక్కయ్య నన్ను కడిగి ఆరవేసింది" అని వాపోయెను. చదువుకొరకు ఒంటరిగా ఖండాంతరమునకు బంపిన తండ్రి, చూచుటకొరకు ఒంటరిగా నాలుగడుగులు ముందుకు బోయినదని యేల బెంగటిల్లవలెనో మాకు బోధపడలేదు. అదే కొడుకైనచో ఆయన దుకాణమునకు వచ్చిన ప్రతి బేరమునకును ఛాయాపటములు చూపియుండెడివాడు గదా యని యంటిమి. ఆయన నవ్వలేదు, కాని కాఫీ త్రాగి పోయెను.

నిజము చెప్పవలెనన్న, ఆ రాత్రి మాకు లోలోపల గర్వము కలిగినది. 1830లో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిన యేనుగుల వీరాస్వామయ్యగారు సుమారు నూర్గురు పరివారముతో, పల్లకీలతో, డేరాలతో పదునైదు నెలలు తిరిగివచ్చిరి. ఆ కాలమున అట్లుగాక వేరుగా బోవుట సాధ్యముకాదు. రెండు వందల యేండ్లు నిండకమునుపే ఆ భాషయే మాటలాడు నొక చిన్నది భుజమున సంచి, చేత చక్రముల పెట్టె తప్ప మరే పరివారమును లేక పరదేశమున దిరిగివచ్చినదనగా, తరగతిగదిలో మేము చెప్పిన మాటలేవో మొలకెత్తినవని మురిసితిమి. ఆమె వచ్చి చెప్పినది వినునంతవరకు ఆ మురిపెము నిలిచెను.

వెనీసులో రైలుస్టేషను మెట్లు దిగినంతనే రోడ్డు లేదట, ఎదుట నీళ్లే. నూటపదునెనిమిది దీవులమీద నిలిచి, నాలుగువందలకు మించిన వంతెనలతో నొకటిగా గూర్చబడిన యా నగరమునకు 1846లో రైలువంతెన వచ్చువరకు పడవయే దారి. నేటికిని లోపల బండ్లు లేవు. మన పిల్ల చేరునప్పటికి రాత్రి తొమ్మిది దాటినది. సందులలో దారి తప్పి, వంతెన లెక్కి దిగి, పదిన్నరకు తాను కుదుర్చుకొన్న గదిని జేరెను. గది యనుటకన్న నొక యింటిలోని చిన్న వాటా యనవలెను. తలుపు తీయుట కెవరును లేరు. గోడకొక చిన్నపెట్టె; ఫోనుకు వచ్చిన అంకెలను త్రిప్పిన నది తెరచుకొని తాళపుచెవి నిచ్చినది. గుమ్మముప్రక్కన తొమ్మిది గంటల మీటలున్నవట. రెంటిమీద మాత్రమే మనుష్యుల పేర్లున్నవి. తక్కిన యేడింటిమీద అంకెలు.

ఆమె పెట్టెను రాతిమెట్లమీద నీడ్చుకొనిపోవుచుండగా, పైయంతస్తునుండి యొక ముసలమ్మ తలుపు తెరచి గట్టిగా కేకలు వేసెను. భాష తెలియకున్నను తిట్టని తెలిసినది. ఒంటరిపిల్ల, పరాయిదేశము, నడిరేయి. గదిలో దూరి తలుపు గడియవేసికొని యేడ్చినదట. మరునాటి యుదయమున ఇటాలియను భాషలో క్షమాపణ చెప్పుటకు వలయు రెండు ముక్కలు నేర్చుకొని, మెట్లమీద ఆ ముసలమ్మ యెదురుపడగా చెప్పెను. ఆమెకు కొంత యింగ్లీషు వచ్చును. కోపము చల్లారియున్నది. "నీమీద నాకు కోపము లేదు. నీ వెవరవో నాకు తెలియదు. కాని నాకు ప్రతిరాత్రియు నీవే" అనెనట.

ఈ మాట చెప్పి మా శిష్యురాలు కొంతసేపు ఊరకుండి, "ఒంటరిగా పోవడమే నా గొప్ప అనుకున్నాను మాస్టారూ. ఆవిడకు నేను ఒంటరిదాన్ని కాను. ప్రతిరాత్రీ వచ్చే గుంపును. నేను పోవడం తప్పా?" అని యడిగెను.

మేము మొదట పట్టుకొనిన మార్గము సులభమైనది. కొలదికాల ముండుట తప్పుకాదు తల్లీ యని యంటిమి. సంస్కృతమున అతిథిశబ్దమే యందుకు సాక్ష్యము. నిలకడలేనివాడు, ఒక్క రాత్రి మాత్రమే యుండువాడు గనుకనే యతిథి యనబడునని మనుస్మృతి చెప్పుచున్నది. పల్లెలో నొక రాత్రి, పట్టణమున నైదు రాత్రులు మించి యుండరాదని సన్న్యాసికి నియమము పెట్టినవారును మనవారే. మమకారము పెరుగకుండుటయు, అన్నము పెట్టువారికి బరువు కాకుండుటయు నందలి భావములు. కాబట్టి మూడు రాత్రులుండి వచ్చితివని నవ్వువారు శాస్త్రమెరుగనివారని తేల్చితిమి.

ఇది చెప్పుచుండగనే మాకు మార్కో పోలో గుర్తునకు వచ్చెను. ఆయన ఆ వెనీసువాడే. 1271లో పదునేడేండ్ల ప్రాయమున తండ్రితోను పినతండ్రితోను బయలుదేరి, చీనా మొదలగు దేశములు తిరిగి 1295లో నిల్లు చేరెను. ఆయన గ్రంథమున మన మోటుపల్లిని బోలిన పేరుగల రాజ్యమొకటి యున్నది. దాని నేలు రాణి న్యాయమునందు ప్రీతిగలదని, సాలెగూటివలె సన్నని వస్త్రము లచట నేయుదురని చెప్పెను. ఆ రాణి కాకతి రుద్రమదేవియని చరిత్రకారులు గుర్తించిరి. న్యాయమును, నేతను సరిగనే పట్టుకొన్నాడు. కాని యామెను చనిపోయిన రాజునకు భార్యయని వ్రాసినాడు. ఆమె గణపతిదేవుని కూతురు. లోయలలోనికి మాంసఖండములు విసరగా గ్రద్దలు వానికంటిన వజ్రములతో నెగిరివచ్చునని వ్రాసినాడు. అది చాల దేశములలో దిరిగిన కట్టుకథ. నిలువక పోవువాని చూపున కిట్టి గుణము, నిట్టి దోషమును రెండును నుండును. ఏడువందల యేండ్లకు మారుగా మన పిల్ల పోయి వాని యూరిని జూచివచ్చినది. ఆమెయు కొన్ని తప్పులు పట్టుకొనియే వచ్చియుండును. అంతమాత్రమున పోవుట తప్పు కాదు.

ఆమె వినయముగా వినెను. కాని యడిగినది అది కాదని యామె ముఖమే చెప్పుచుండెను. చూచితినా లేదా యన్నది చూచినవారికి సంబంధించిన ప్రశ్న. ఆ ముసలమ్మ సంగతి యేమి?

అతిథి యొక్కరాత్రి యుండువాడనుట నిజమే. కాని యతిథి కెదుట నొక గృహస్థుడుండును. ఇటాలియను భాషలో "ఓస్పితె" యను నొకే మాట వచ్చినవానికిని చేర్చుకొన్నవానికిని జెల్లును. ఆ సంబంధమును రెండుప్రక్కలనుండి యొకే పేరుతో బిలిచిరి. ఒక ప్రక్క లేకున్న నా మాట యెట్లు నిలుచును? గోడనున్న పెట్టె తాళపుచెవి నిచ్చినపుడు ఎవడు ఎవనికి ఆతిథ్యమిచ్చెను? మన స్మృతికారుడు గృహస్థునకు మాత్రమే విధులు పెట్టెననుకొనరాదు. పరుల వంటకు ఆశపడి తిరుగువాడు మరుజన్మమున అన్నము పెట్టినవాని యింట పశువై పుట్టునని యతిథిని గూడ గట్టిగానే హెచ్చరించెను. ఆ శిక్ష మాకు నమ్మశక్యము కాదు, మా శిష్యులకు నేర్పము. కాని వచ్చువానికిని ధర్మము గలదను నెరుక యందున్నది. రొక్కము చెల్లించిన వెంటనే యా యెరుక మనలో నిదురబోవును. డబ్బిచ్చితిని, గది దొరికినది, లెక్క తీరినది. అంకెలు వ్రాసిన మీటల వాటాలో గది తీసికొన్నది డబ్బు తక్కువగునని. విద్యార్థిని కది తగినదే. కాని యా లెక్కలో పైయంతస్తు ముసలమ్మ యెక్కడను లేదు.

ఇచట వెనీసు సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది. పరదేశులు వచ్చుట వలననే బ్రదికిన నగరము అది. పదుమూడవ శతాబ్దమునుండియు జర్మను వర్తకులు రియాల్టోదగ్గర తమకొరకు కట్టించిన యొకే భవనమున బసచేసి, యచటనే సరుకు దింపి, ప్రభుత్వోద్యోగుల యెదుట బేరములాడవలెనని కట్టడి. జెరూసలేము యాత్రికు లోడలెక్కునది యక్కడనే. ఓడకొరకు వారములతరబడి కాచియుండువారికి సాయపడుటకు ప్రత్యేకోద్యోగులుండెడివారు. మహామారి భయమున 1423లో ప్రత్యేకముగా నొక దీవిలో ఆస్పత్రి పెట్టిరి. అనుమానముగల యోడలను, మనుష్యులను నలువది దినములవరకు వెలుపల నిలుపు పద్ధతి యచట స్థిరపడినది. ఇంగ్లీషులోని "క్వారంటీను" మాట యా నలువదినుండి పుట్టినదే. నలువది దినములు కాచినగాని కాలు మోపనీయని నగరమున నేడు నాలుగు గంటలుండి పోవువారు వేనవేలు. ఆ నగరమెల్లప్పుడు దయగలదని యనుకొనరాదు. 1516లో యూదుల నొక వాడలో నుంచి రాత్రులు తలుపులు మూయించినదియు నదే. "ఘెట్టో" యను మాట యచటిదే. ఏమైనను పరదేశి వచ్చినపుడు వానిని గూర్చి యాలోచించుట యా రాజ్యమున కలవాటు. 1797లో నెపోలియను రాకతో ఆ గణరాజ్యము పోయినది. కట్టడములు మాత్రము మిగిలినవి.

పాతనగరపు దీవులలో 1951లో సుమారు 1,75,000 మంది కాపురముండిరి. 2022లో ఆ సంఖ్య 50,000కు లోపలికి దిగినది. రియాల్టో సమీపమున నొక మందుల దుకాణము కిటికీలో 2008 మొదలుకొని జనసంఖ్యను చూపు నంకెలపలక యొకటి పెట్టిరి. మన పిల్ల దానిని జూచి, గడియారమనుకొన్నదట. 2023లో యాత్రికుల పడకల సంఖ్య నివాసుల సంఖ్యను దాటినదని యచటి పౌరసంఘములు లెక్కకట్టి ప్రకటించినవి. ఏటేట రెండుకోట్లకు పైగా జనము వచ్చిపోవుదురని యంచనా.

అయినను యాత్రికుడే యా జనమును వెళ్లగొట్టెనని చెప్పుట న్యాయము కాదు. వలస 1950 ప్రాంతమునందే మొదలైనది. తడియెక్కిన క్రిందియంతస్తులు, ఇరుకుగదులు విడిచి, గట్టునేలమీద మెస్త్రె మొదలగు చోట్ల పొడియిండ్లకును, మర్గేరా కర్మాగారములలోని పనులకును జనము తరలిరి. 1966 నవంబరు 4న సముద్రపు పోటు 194 సెంటీమీటర్లకు లేచి యూరెల్ల ముంచినది. దానిని జూచినవారు మరికొందరు పోయిరి. 2019 నవంబరులో మరల 187 సెంటీమీటర్లు వచ్చినది. 2020 అక్టోబరునుండి సముద్రద్వారములయొద్ద లేచు తలుపులు పోటు నాపుచున్నవి. వెడలిపోయినవారి యిల్లు ఖాళీగా నుండుటకన్న యాత్రికునకు వారముకొక లెక్కన నిచ్చిన లాభమెక్కువ. అద్దె యట్లు పెరిగినపిమ్మట ఉండదలచిన పడుచుకాపురమునకు ఇల్లు దొరకదు. కాబట్టి తాళపుచెవి పెట్టెను గోడకు బిగించినవాడు ఆ ముసలమ్మకు ఒకప్పటి పొరుగువాడే కావచ్చును. దోషము వచ్చినవారిదే కాదు. తలుపు తీయుట మాని తలుపును అమ్ముకొన్నవారిది గూడ.

నగరపాలకు లూరకుండలేదు. 2021 ఆగస్టునుండి పెద్ద యోడలను నగరము నడిబొడ్డున బోనీయలేదు. చక్రముల పెట్టెల చప్పుడును గూర్చి 2014లోనే యాలోచనకు దిగిరి. 2024 ఏప్రిలు 25 మొదలుకొని, ఆ యేడు ఇరువదితొమ్మిది రద్దీదినములలో పగలు వచ్చి పోవువాడు తలకు ఐదు యూరోలు చెల్లించి ప్రవేశింపవలెనని నియమించిరి. 2025లో ఆ దినములను ఏబదినాలుగు చేసి, ఆలస్యముగా చెల్లించువారికి పది యూరోలు చేసిరి. రాత్రి బసచేయువారి కీ రుసుము లేదు. వారి బసలోనే వేరు పన్నున్నది. నగరప్రవేశమునకు టిక్కెట్టు పెట్టుట చూచి, ఊరిని ప్రదర్శనశాల చేయుచున్నారని యచటివారే కొందరు నిరసన చూపిరి.

మాకు రుసుమునందు ద్వేషము లేదు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో నిలిపిన యభయశాసనము పన్నును గూర్చినదే. గాలివానకు గట్టుపట్టిన యోడల సరుకునంతయు పూర్వరాజులు లాగుకొనెడివారని, తాము నియతమైన సుంకము మాత్రము గైకొని తక్కినది విడిచితిమని, సముద్రవర్తకులకు దేశాంతరముల వారికి అభయమిచ్చినాడు. సుంకము, అభయము అందు జంటగా నున్నవి. ఇంత యిమ్ము, నిన్ను మేము చూచుకొందుమని దాని యర్థము. వెనీసు రుసుములో రెండవ సగమేదో మాకు కనబడలేదు. ఐదు యూరోలు చెల్లించినవాడు ఆ యూరి కేమైనను ఋణపడియున్నాడా, లేక ఋణము తీర్చుకొని పోవుచున్నాడా? తీర్చుకొంటిననుకొనుటయే సహజము. టిక్కెట్టు కొన్నవాడు నాటకశాలలో మెల్లగా మాటలాడునా యన్నది మన యూరి సినిమాహాళ్లలో చూచుచునే యున్నాము.

ఇక ఆమె ప్రశ్న. ఒక్కతె పోవుటవలన వెనీసున కేమి నష్టము? ఏమియు లేదు. రెండుకోట్లలో నొకటి తగ్గిన తగ్గినట్లే యుండదు. అట్లని రెండుకోట్లమందియు ఇదే మాట యనుకొన్నపుడు జరుగునది అంకెలపలకమీద నున్నది. చెరువును పాలతో నింపవలెనని రాజాజ్ఞ కాగా, చీకటిలో నెవడికి వాడు 'నా ముంత నీళ్లొక్కటి యెవనికి దెలియును' అనుకొని నీళ్లే పోసిన కథను మేమే పిల్లలకు చెప్పియుంటిమి. అది యిచట సరిపడదు. ఆ కథలో ప్రతివానికి తన తప్పు తెలియును. చీకటి చాటున చేసెను. ఈ పిల్ల పట్టపగలు, ప్రేమతో, ఆ నగరము నందముగలదని విని పోయినది. ఇందు దొంగ లేడు. దొంగలేని నష్టమును గూర్చి నీతిశాస్త్రము మనకు మంచి మాటలు నేర్పలేదని మాకు తోచుచున్నది. పాపమనిన నెవడో యొకడు కర్తయై యుండవలెనని మనకు పట్టుదల.

పోకుండుటయే ధర్మమని కొందరందురు. అది వినుటకు గొప్పగా నుండును. కాని మనస్సాక్షి గలవారు మానుకొన్న, మిగిలిన త్రోవయంతయు మనస్సాక్షి లేనివారిదగును. పైగా ధరలు పెంచి, నియమములు పెంచి తగ్గించినచో మొదట తగ్గువారు ఈ బట్టల వర్తకుని కూతురువంటివారే. ధనికుడు గ్రాండు కెనాలు ఒడ్డున పెద్ద హోటలులో దిగునంతకాలము దిగును. నూరేండ్లుగా ఆడపిల్ల గడపదాటుట కొరకు వాదించినవారము, ఆమె దాటినదినముననే దారిలో క్రొత్త కారణమొకటి చూపి వెనుకకు రమ్మనలేము. ఆమె తండ్రి యక్కయ్యగా రీ వాదము వినియుండిన ఎంత సంతోషించియుండెడిదో! పోవలసినదే. చట్టము చేయవలసిన పని చట్టము చేయవలెను. ఎన్ని వాటాలు బసకిచ్చుకొనవచ్చునో, ఎన్ని కాపురమునకు మిగుల్పవలెనో నగరము నిర్ణయింపవలెను. అది యొక పిల్ల మనస్సాక్షిపై మోపవలసిన బరువు కాదు.

కాని యట్లని ఆమె ప్రశ్న పోవుట లేదు. ముసలమ్మ మాటను మేము పలుమారులు తలచుకొంటిమి. "ప్రతిరాత్రియు నీవే." ఆ మాటలో న్యాయమున్నది, అన్యాయమును ఉన్నది. చక్రముల చప్పుడు ప్రతిరాత్రియు నొకటే. విన్న చెవి యొకటే. ఇది నిజము. కాని వచ్చినవారందరు ఒకరు కారు. ముసలమ్మ యామెను గుంపుగా జూచినది. మన పిల్ల మొదటిరాత్రి ఆ ముసలమ్మను అసలే చూడలేదు. మెట్లను జూచినది, తాళమును జూచినది, నగరమును జూచినది. ఒకరి కొకరు లెక్కలోని యంకెలుగా నున్నంతకాలము నీ పాలెంత, నా పాలెంత యను వాదము తెగదు. లెక్కకు వచ్చినపుడు ఒక్కని పాలు సున్నయే. ఒక యింటి మెట్లమీద, ఒక ముసలిమనిషి నిద్రకు, ఒక్క పెట్టె చప్పుడు సున్న కాదు. అచట ఆమె పాలు పూర్తిగా ఆమెదే. రెండుకోట్లమందితో పంచుకొనుటకు వీలులేదు. ఉత్తరము రాసి యామెకు మేము పంపిన సమాధాన మింతయే. ఇది వెనీసును నిలుపునని మేము చెప్పలేదు.

ఒంటరిగా పోవుటవలన నిది ఆమెకు దక్కినదని మా యభిప్రాయము. పదిమందితో పోయియుండిన మరునాటి ఉదయమున ముసలమ్మకు క్షమాపణ చెప్పుటకు భాష నేర్చుకొనియుండదు. ఆ పదిమందిలో నొకతె "ముసలిది పిచ్చిది" అనియుండును. అందరు నవ్వి కాఫీకి బోయియుందురు. మాటలాడుట కెవరును లేనివారికి తిట్టిన మనిషియు మాటలాడదగిన మనిషియే. ఆ తండ్రికి మేమిదియే మరల చెప్పితిమి. ఆయన విన్నాడో లేదో గాని, అమ్మాయి సెలవులకు వచ్చినపుడు ఆ వంతెనల పేర్లు అడుగుచుండుట మేము వింటిమి.

ఆమె చెప్పినదానిలో నింకొకటి మిగిలియున్నది. నవంబరు 21 వెనీసు ప్రజల సొంతపండుగ. 1630లో వచ్చిన మహామారిలో ఏడాది తిరిగి కొలదికాలములోనే నగరమున నలువదివేలకు మించి జనము చచ్చిరి. తెగులు తొలగిన దేవమాతకు ఆలయము కట్టింతుమని నగరసభ మ్రొక్కుకొన్నది. లొంగేనా యను శిల్పి ప్రారంభించిన యా పెద్దగోపురపు ఆలయము, సాలూతె యను పేర, 1687లో ప్రతిష్ఠితమైనది. నాటినుండి ప్రతియేటను ఆ దినమున పెద్దకాలువకడ్డముగా తాత్కాలికపు వంతెన వేసి, జనము నడచిపోయి క్రొవ్వొత్తులు వెలిగించి వత్తురు. ఎండబెట్టిన గొర్రెమాంసముతో కాబేజి వండుకొని తిందురు. యాత్రికులకొరకు పెట్టిన ఉత్సవము కాదది.

మన పిల్ల యా దినమున నచటనే యుండుట తటస్థించినది. ముందుగా తెలిసి పోలేదు. మధ్యాహ్నము జనము గుంపులుగా నొకవైపు నడచుచుండగా వారివెంట నడచి, వంతెనమీదికి వచ్చి, తాను పోవచ్చునా పోరాదా యని నిలిచిపోయినదట. పిల్లలను తోపుడుబండ్లలో పెట్టుకొన్న తల్లులు, చేతికర్రల ముసలివారు, కర్మాగారముల పనివారు, మెస్త్రెనుండి వచ్చిన కుటుంబములు; తన కెదురుగా మెడలో కెమెరాగలవారు తక్కువ. మూడుదినములలో నా నగరమున కాపురమున్న జనమును తా నెక్కువగా చూచినది యప్పుడేనట. ఆమె కెమెరా సంచిలో పెట్టి, రెండు యూరోల క్రొవ్వొత్తి యొకటి కొని వరుసలో నిలిచెను. మతము వేరు, మ్రొక్కు వేరు, ఎవరును అడుగలేదు. లోపల జనములో, నాలుగు వరుసల ముందు, పైయంతస్తు ముసలమ్మ కనబడెను. మంచి నల్లకోటు తొడిగి, నెత్తిని గుడ్డ కట్టుకొనియున్నది. తిరిగివచ్చునపుడు ఇద్దరు దాదాపు తగులునంత దగ్గరగా ఎదురుపడిరి. ముసలమ్మ యామెవైపు చూచి, త్రోవ యిచ్చి, ముందుకు సాగిపోయినది. గుర్తుపట్టలేదు.

"గుర్తుపట్టకపోవడం నాకు కష్టమనిపించలేదు మాస్టారూ," అని చెప్పెను. "ఆ రోజు ఆవిడ పని ఆవిడది."

మరునాడు తెల్లవారుజామున అయిదు గంటలకు రైలు. పొగమంచు. మెట్లమీద పెట్టెను రెండుచేతుల నెత్తి పట్టుకొని, మూడంతస్తులు దిగినదట. బయటకు వచ్చి చక్రములు క్రింద పెట్టబోయి, మరల నెత్తుకొని, సందు చివరవరకు, ఆపైన రెండు వంతెనలవరకు మోసికొనియే పోయినది. పదునేడు కిలోల పెట్టె. దారిలో రెండుమారులు దింపి ఊపిరి తీసికొన్నదట. మూడవ వంతెన దాటిన తరువాత చక్రములమీద నీడ్చితినని, అక్కడినుండి ఇండ్లకు వెలుగు తక్కువగా నున్నదని, ఎవరికైనను నిద్ర చెడినదో లేదో తెలియదని మాతో చెప్పినది.